శాస్త్రములలో నేది మొదట?

ఇంటియందే బిడ్డకు జదువు చెప్పు తల్లి జీవ, రసాయన, భౌతికశాస్త్రములలో దేనిని ముందు మొదలిడవలెను? 1988లో నోబెలు బహుమానము నందిన అమెరికా పండితుడు లియోన్ లెడర్‌మన్, జీవశాస్త్రమునకు రసాయనమును, దానికి భౌతికమును ఆధారములు గాన, ఉన్నతపాఠశాలలలో భౌతికమే ముందుండవలెనని వాదించెను. పెద్దపిల్లల కది తగును. ఎనిమిదేండ్ల బిడ్డ మాత్రము సూత్రములు వల్లించుచు, చూచుట మానును. మేము అమరము వల్లించి చెట్ల పేళ్లెన్నో నేర్చితిమి. ఆ చెట్లను గుర్తించుట పెండ్లియైన పిమ్మటనే!

కావున మా రామతీర్థమున బోడికొండమీది కొలనే తొలిపాఠము: నాచు, తూనీగలు, కప్పపిల్లలు. వేసవిలో నీరేల తగ్గెనని బిడ్డ యడిగిననాడు ఆవిరిని గూర్చి చెప్పి భౌతికమున బ్రవేశపెట్టుదుము. రసాయనము కడపట. పసుపున సున్నము కలిపిన నెఱ్ఱనగును. నిమ్మరసము పిండిన మరల పసుపువన్నెకు వచ్చును. సున్నము కంట బడిన ప్రమాదము గాన, బిడ్డకు చేయి కుదురుదాక ఆ పాఠము మేమే చేసి చూపుదుము.