పులసకు ధర పలికితే పల్లె బాగుపడినట్టేనా?

గోదావరికి ఎర్రనీరు రాగానే ఏటా యానాం గట్టు మీద పులస వేలం వార్తలు మొదలవుతాయి. రెండు కిలోలైనా లేని చేప 20 వేల రూపాయలు దాటి పలికిందని చదివి, జాలర్ల పంట పండిందనుకుంటాం. ఆ ధర చెబుతున్నది చేప దొరకడం లేదన్న సంగతి. ఒక పడవకు పులస పడిన రోజున చాలా పడవలు డీజిలు ఖర్చు కూడా రాకుండా ఒడ్డుకు చేరతాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది కొనేవాళ్ల మాట. పట్టినవాళ్ల ఇంట్లో ఆ పూట కూరేమిటో అందులో లేదు.

బంగాళాఖాతంలో విలసగా తిరిగే ఈ చేప, జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదనీరు సముద్రంలో కలిసే రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఏటికెదురీది వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1982 నాటికి బ్యారేజీ వచ్చింది. దాంతో చేపల దారి చాలావరకు అక్కడే తెగిపోయింది. వాటికి మిగిలింది కింద ఉన్న గౌతమి, వశిష్ట, వైనతేయ పాయలే. యానాం నుంచి అంతర్వేది దాకా లంకల పక్కనున్న పల్లెల వలలన్నీ పడేదీ ఆ నీళ్లలోనే. పైగా మనం పొట్ట నిండా జన ఉన్న చేపనే ఏరి కొంటాం. ఆ జనలో లక్షల గుడ్లుంటాయి. వచ్చే ఏళ్ల చేపను ఈ ఏడే పులుసు పెట్టుకుంటున్నాం.

అందుకే నదిలోనూ గుడ్లు పెట్టే అదనులో కొన్నాళ్లు వేట ఆపాలి. ఏడాదంతా జెల్లలు, రొయ్యలు, పండుగప్పతో నెట్టుకొచ్చేవాడికి నాలుగు డబ్బులు కనిపించేది పులస రోజుల్లోనే, అప్పుడే ఆపమంటే వలకు చేసిన అప్పు ఎవరు తీరుస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన సముద్రతీరంలోనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రవేట ఆపినందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2025లో దాన్ని 20 వేల రూపాయలకు పెంచింది. ఏటి జాలరికీ అలాంటి ఆసరా ఎందుకు ఉండకూడదు? ఇదే చేప మీద లక్షల కుటుంబాలు బతికే బంగ్లాదేశ్‌లో అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట ఆపి, కుటుంబానికి 25 కిలోల బియ్యం ఇస్తున్నారు. పిల్లచేపలను పట్టడం మీదా ఆంక్షలున్నాయి. 2002–03లో 2 లక్షల టన్నుల దగ్గరున్న దిగుబడి 2018–19 నాటికి 5 లక్షలు దాటింది. ఆ పెరుగుదలంతా నిషేధం పుణ్యమేనని అనలేం. అక్కడి నదులు వేరు, వాటి నీళ్లు వేరు. బియ్యం చాలక దొంగచాటుగా వల వేసినవాళ్లూ ఉన్నారు. అంటే సాయం సరిపోయేలా ఇవ్వాలి తప్ప, ఆలోచన తప్పు కాదు.

అసలు దోషం బ్యారేజీదైతే శిక్ష జాలరికా అన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. డెల్టా పంటలన్నీ ఆ నీటి మీదే ఉన్నాయి కాబట్టి బ్యారేజీని కదపలేం. ఆ పంటల ఫలం తింటున్న మనమంతా కలిసి జాలరికి భృతి ఇవ్వడం శిక్ష ఎలా అవుతుంది? అసలు చిక్కు మరోచోట ఉంది. యానాం పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్ర. ఒకరు ఆపి ఇంకొకరు వదిలేస్తే ఫలితం సున్నా. రెండు ప్రభుత్వాలూ ఒకే తేదీలు పెట్టాలి. నిషేధం జీవో కంటే ముందే డబ్బు ఖాతాల్లో పడాలి. ఈ వరుస తప్పితే, అర్ధరాత్రి వల వేసినవాణ్ని తప్పుపట్టే హక్కు ఏ అధికారికీ ఉండదు.