పాచికలతో ఈత పందెం
దమ్ము దాచుకున్న వాడిదే గెలుపు

వేసవి మధ్యాహ్నం పిల్లల్ని ఇంటి పట్టున ఉంచడం తల్లులకు పెద్ద పని. కాస్త కన్ను మరుగైతే చాలు, బావి దగ్గరో కాలువ గట్టునో తేలుతారు. ఎండ దిగేదాకా అరుగు మీద కూర్చుని ఆడుకోవడానికి తేలికైన ఆట ఒకటుంది. వైకుంఠపాళి ఆడినవారికి పది నిమిషాల్లో పట్టుబడుతుంది. అక్కడ నిచ్చెనలు, పాములు, ఇక్కడ ఈతకొలను.

ఒలింపిక్ ఈతకొలను పొడవు 50 మీటర్లు. దాన్నే నేల మీద సుద్దతో గీయాలి. తలా ఒక వరుస, వరుసకు 25 గడులు. గడి అంటే రెండు మీటర్లన్నమాట. అవతలి గోడ దాకా పోయి తిరిగి వస్తే 100 మీటర్ల పందెం పూర్తవుతుంది. రెండు పాచికలు, మనిషికో కాయ, ఆరేసి చింతపిక్కలు ఉంటే సరి. ఆ పిక్కలే ఈతగాడి దమ్ము.

ఆడే పద్ధతి

మొదటి పందెం అందరూ ఒక పాచికతోనే వేయాలి. ఒకటి పడితే తొందరపడి దూకినట్టు లెక్క. తర్వాతి చుట్టు ఊరుకోవాలి. ఆ పైన వేగం కావాలనుకున్నవాడు ఒక పిక్క వదులుకుని రెండు పాచికలూ వేయవచ్చు. 25వ గడే అవతలి గోడ. దాన్ని తాకకుండా మళ్ళడానికి లేదు. గోడకు మూడు గడులుండగా తొమ్మిది పడినా కాయ గోడ దగ్గరే ఆగాలి. మిగిలిన ఆరూ వృథా. పిక్కలన్నీ అయిపోయినవాడికి ఒకటిగాని రెండుగాని పడితే కాయ కదలదు. బయలుదేరిన గీత ముందుగా దాటినవాడు గెలిచినట్టు.

వైకుంఠపాళిలో పాము మింగితే చేసేదేమీ లేదు. ఇక్కడ పాచిక అదృష్టానిదే అయినా పిక్క మాత్రం ఆడేవాడి చేతిలో ఉంది. గోడకు రెండు గడుల దూరంలో ఉన్నవాడికి ఒక్క పాచిక చాలు; ఆరు అంకెల్లో అయిదు అతణ్ణి గోడకు చేరుస్తాయి. అక్కడ పిక్క పారేసుకున్నవాడు రాకలో చిక్కుకుంటాడు.

సిడ్నీలో జరిగింది ఇదే

ఇది ఆటలో మాటే కాదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతకు ముగ్గురు నిలబడ్డారు. ఇద్దరు తొందరపడి ముందే కదలడంతో వారిని తొలగించారు. మిగిలినవాడు ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినియాకు చెందిన ఎరిక్ ముసాంబాని ఒక్కడే. స్వదేశంలో హోటల్‌లోని చిన్న కొలనులో ఈత సాధన చేసినవాడు. 50 మీటర్ల కొలనును అంతకుముందు చూసి ఎరుగడు. పోక బాగానే సాగింది. రాకలో చేతులు ఆడక దాదాపు ఆగిపోయాడు. జనమంతా లేచి కేకలతో ఉత్సాహపరచగా 1 నిమిషం 52.72 సెకన్లకు గోడ తాకాడు. ఆ పోటీలో బంగారు పతకం నెగ్గిన ఈతగాడికి ఫైనల్లో పట్టింది 48.30 సెకన్లే. అయినా లోకం గుర్తుంచుకున్నవారిలో ముసాంబాని ఉన్నాడు.

ఒకే చుట్టులో ఇద్దరు గీత దాటితే? తగవు అక్కరలేదు, గెలుపు ఇద్దరిదీ. నిజమైన పోటీల్లోనూ అంతే. 2016లో రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో ముగ్గురు సరిగ్గా 51.14 సెకన్లకే చేరారు. ముగ్గురికీ వెండి పతకాలు ఇచ్చారు.

అయితే సుద్దగీతల కొలను ఈత నేర్పదు. ఈత నీళ్ళలోనే రావాలి. నడుముకు బెండ్లు కట్టి, గజ ఈతగాడైన పెద్దవాడు పక్కన ఉండి నేర్పితేనే రావాలి. అంతవరకు దమ్మెంతో తెలుసుకుని దిగాలన్న సంగతి పిల్లలకు ఆరు చింతపిక్కలు చెబుతాయి. అరుగు మీద పిక్కలు అయిపోతే ఆట మళ్ళీ మొదలుపెట్టవచ్చు. బావిలో దమ్ము అయిపోతే ఆ వీలుండదు.