కారు బేరం కాగితం మీదే!

కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలకు బేరమాడే మనం, కారు షోరూములో అడుగుపెట్టగానే ఎందుకో నోరు మెదపం. ఏసీ చల్లదనం, చేతికిచ్చిన కాఫీ, కుర్రాళ్ల మర్యాద - అన్నీ కలిసి మొహమాటపెట్టేస్తాయి.

కిందటేడు చెన్నైలో మేము కారు కొన్నది సరదాకు కాదు. మా మామగారికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆటో ఎక్కి దిగడం ఆయన వల్ల కావడంలేదు. చీటీ డబ్బు కొంత, బ్యాంకు అప్పు కొంత. మిగిలే ప్రతి రూపాయీ ఆయన మందులకే. అందుకే మా ఆయనా నేనూ ముందే అనుకున్నాం: "ఎంత తగ్గిస్తారు?" అని కాదు, "దేనికెంత?" అని అడగాలని.

'ఆన్ రోడ్' ధర వివరంగా రాసిమ్మన్నాం. కారు ధర 7,80,000, రోడ్డు పన్ను 1,01,400, బీమా 42,000, హ్యాండ్లింగ్ ఛార్జీలు 9,500, యాక్సెసరీలు 24,000.

రోడ్డు పన్ను ప్రభుత్వానిది. 2023 నవంబరు నుంచి తమిళనాడులో ఐదు లక్షలు దాటి పది లక్షల లోపు కారుకు 13 శాతం. అక్కడ బేరం లేదు. మిగతావన్నీ మాట్లాడదగ్గవే.

బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. అవే షరతులతో బయట 31,000కే ఇస్తామన్న కాగితం చూపించాం. వాళ్లూ అంతకే దిగారు. హ్యాండ్లింగ్ దేనికని అడిగితే, "డిపో నుంచి కారు తెచ్చినందుకు మేడమ్" అన్నాడు కుర్రాడు. "తేకుండా ఎలా అమ్ముతారు బాబూ?" అన్నాను. మేనేజరు నవ్వి కొట్టేశారు. యాక్సెసరీల్లో 4,000 పెట్టి మ్యాట్లు మాత్రం తీసుకున్నాం. డిస్కౌంటు మాట ఎత్తకుండానే 40,500 తగ్గింది!

మరికొన్ని సంగతులు. ఒకే కంపెనీకి ఊళ్లో రెండు మూడు షోరూములుంటే అన్నిచోట్లా ధర రాయించుకోండి. షోరూము చూపించే అప్పు వడ్డీని మీ బ్యాంకు వడ్డీతో పోల్చండి. తమిళనాట ఆడి మాసం, మరాఠీ వారికి పితృపక్షం కొత్త బండ్లకు గిరాకీ తక్కువ రోజులు. పట్టింపు లేనివారికి అప్పుడు బేరం తేలిక. డిసెంబరులోనూ తగ్గిస్తారు గానీ, ఆర్.సి.లో తయారీ సంవత్సరం పడుతుంది. రేపు అమ్మేటప్పుడు బండి ఒక ఏడాది పాతదవుతుంది.

"హైదరాబాదులో చవగ్గా వస్తుంది, ఇక్కడే కొనండి" అనే చుట్టాలు మనందరికీ ఉంటారు. వేరే రాష్ట్రపు బండిని పన్నెండు నెలలు మించి ఇక్కడ ఉంచుకుంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇక్కడి పన్నూ కట్టాలి. ఉన్న ఊళ్లో కొనడమే మేలు.

చివరి మాట: ఒప్పుకున్నవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఛాసిస్ నంబరు బిల్లుతో సరిపోయిందో లేదో చూసుకున్నాకే పూర్తి డబ్బు కట్టండి. ఆ తర్వాత నిమ్మకాయలు తొక్కించవచ్చు.