పెరట్లో పిట్ట కాపురం!

వేసవి వచ్చిందంటే ఇంటికి చుట్టాలు రావడం మామూలే. చెప్పాపెట్టకుండా వచ్చి, బాల్కనీలోని క్రోటన్‌ కుండీలోనో వసారాలో వేలాడే తీగమీదో ఏకంగా కాపురం పెట్టేసే చుట్టాలు కూడా ఉంటాయి. అన్నీ సవ్యంగా జరిగితే నెల తిరిగేసరికి పిల్లలతో సహా ఎగిరిపోతాయి. ఆ ‘సవ్యంగా’ అన్నది చాలావరకు ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్తారు. మందార కొమ్మల్లోంచి ఓ పిట్ట బుర్రున లేచి ఎదురింటి గోడమీద వాలుతుంది. మర్నాడూ అదే చోటునుంచి అదే పిట్ట. ఏమిటా అని కొమ్మలు పక్కకు జరిపి చూస్తే... పుల్లలతో అల్లిన చిన్న గిన్నెలాంటి గూడు, అందులో గులాబీ ఛాయమీద ఎర్రమచ్చలున్న మూడు గుడ్లు! నల్లటి తల, దానిమీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మరక... వచ్చింది పిగిలిపిట్ట అన్నమాట.

ఇక ఇంట్లో సందడే సందడి. పిల్లలు స్టూలెక్కి తొంగిచూస్తారు. నాన్న ఫోనుతో ఫొటోలు తీస్తాడు. అమ్మ పక్కింటి పిన్నిగారిని పిలిచి చూపిస్తుంది. పిట్ట పాపం గోడమీదే కూర్చుని ఒకటే అరుపు. ఈ హడావుడినంతా ఇంకొకరు కూడా చూస్తుంటారు... కరెంటు స్తంభం మీది కాకి! మనుషులు పదేపదే ఏ పొదలోకి చూస్తున్నారో, తల్లిపిట్ట దేనిచుట్టూ తిరుగుతూ అరుస్తోందో కనిపెట్టడం దానికి పెద్ద పనేం కాదు. జెముడుకాకి, పిల్లి, పాము... గుడ్లకీ పిల్లలకీ అసలే శత్రువులు ఎక్కువ. గూటి చిరునామా మనమే చెప్పడం ఎందుకు?

కాబట్టి గూడు కనిపించగానే చేయాల్సిన మొదటి పని, వెనక్కి వచ్చేయడం. కిటికీ పక్కన నిలబడో, ఐదారు గజాల అవతల కుర్చీ వేసుకునో చూస్తే చాలు. పిట్ట మనవైపు చూడటం మానేసి తన పనిలో పడిందంటే మనం సరైన దూరంలో ఉన్నట్టు. మొక్కకు నీళ్లు మానక్కర్లేదు. రోజూ అదే వేళకు, గూడు తడవకుండా పోసి వచ్చేస్తే అదే అలవాటుపడుతుంది. ఫొటోకి అడ్డమొచ్చిందని నీడనిచ్చే కొమ్మను విరవడం మాత్రం వద్దు. ఈకలైనా రాని పసిగుడ్డులు ఆ ఎండకు తట్టుకోలేవు. ఇది పాపపుణ్యాల సంగతే కాదు, చట్టం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అన్నమాటకు ఇచ్చిన అర్థంలో అడవిపక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉన్నాయి.

నెల రోజుల లెక్క

పిగిలిపిట్ట రెండో మూడో గుడ్లు పెట్టి, సుమారు 14 రోజులు పొదుగుతుంది. ఆ రెండువారాలూ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. గూటి అంచుమీంచి పొడుచుకొచ్చిన తోక, అప్పుడప్పుడూ అటూఇటూ తిరిగే నల్లటి తల... అంతే. పిల్లలకు విసుగొస్తుంది. రానివ్వండి.

అసలు సినిమా గుడ్లు పగిలాకే. కళ్లు తెరవని, ఈకముక్క లేని ఎర్రటి ముద్దలు. గూడు కాస్త కదిలితే చాలు, మెడలు నిక్కించి నోళ్లు తెరుస్తాయి. అమ్మా నాన్నా ఇద్దరూ మేత మోస్తారు. గడియారం ఎదురుగా పెట్టుకుని, గంటలో ఎన్నిసార్లు వచ్చాయో కాగితం మీద గీతలు గీయమని పిల్లలకు చెప్పండి. పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట, సాయంత్రం ఇంకో గంట. ఎండ ముదిరాక రాకపోకలు తగ్గుతున్నాయా, ముక్కున ఉన్నది పండా పురుగా, తెచ్చేది పెద్దదవుతోందా... వారం తిరిగేసరికి ఆ కాగితమే చెబుతుంది. వేసవి సెలవుల్లో టీవీ ముందునుంచి లేపడానికి ఇంతకన్నా మంచి ఉపాయం దొరకదు.

ఓపికపడితే ఒక విచిత్రం కూడా కనిపిస్తుంది. మేత తినిపించిన వెంటనే తల్లి ఎగిరిపోదు. ఒక్క క్షణం ఆగుతుంది. పిల్ల వెనక్కి తిరిగి, తెల్లటి పలచని సంచిలో చుట్టినట్టుగా రెట్ట వేస్తుంది. తల్లి దాన్ని ముక్కుతో అందుకుని మింగేస్తుంది! గూడు అద్దంలా శుభ్రం. డైపర్లు మనమే కనిపెట్టామనుకుంటాం.

బూజు కాదు, గూడు!

తేనెపిట్టది ఇంకో కథ. నల్లగా, నీలంగా మెరుస్తూ మందారం దగ్గర రెక్కలాడించే మగపిట్టను చూసి ‘మా ఇంటికి హమ్మింగ్‌బర్డ్‌ వచ్చింది’ అని మురిసిపోయేవాళ్లున్నారు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. ఇది అచ్చంగా మన తేనెపిట్ట. బరువు పది గ్రాములు కూడా ఉండదు. అరటిపువ్వు, మునగపూత, నూరువరహాలు... ఎక్కడ తేనె ఉంటే అక్కడ వంపు తిరిగిన ముక్కు దూరుస్తుంది.

గూడు కట్టడం పూర్తిగా ఆడపిట్ట పనే. మగపిట్ట చుట్టుపక్కల పాటలు పాడుకుంటూ తిరుగుతుంది (ఎవరింటి సంగతో గుర్తొస్తే మా పూచీ లేదు). ఆడపిట్ట సాలెగూళ్ల నుంచి దారాలు ఏరుకొచ్చి, వాటితో ఎండుగడ్డినీ పీచునూ కట్టి కొమ్మకో తీగకో వేలాడే సంచిలా అల్లుతుంది. పైన బెరడు ముక్కలు, గొంగళిపురుగుల రెట్టలు అంటిస్తుంది. పక్కన చిన్న గుమ్మం, గుమ్మం మీద వానజల్లు పడకుండా బుల్లి చూరు. లోపల రెండు గుడ్లు. దూరం నుంచి చూస్తే తీగకు పట్టిన చెత్తలా ఉంటుందే తప్ప గూడనిపించదు. అదే దాని రక్ష. అదే దాని ప్రాణం మీదికి తెచ్చేదీను. సరిగ్గా అవి గూళ్లు కట్టే రోజుల్లోనే మనం ఉగాదికి ఇల్లు దులుపుతాం మరి! వసారా మూలనో బట్టల తీగకో బూజులాంటిది వేలాడుతుంటే, చీపురు ఎత్తేముందు ఓ పావుగంట ఆగి చూడండి. పిట్ట వచ్చిపోతుంటే ఆ మూలను ఈ ఏడాదికి వదిలేయండి. వాకిట్లో ఒకటి రెండు సాలెగూళ్లు మిగిలినా పండగకేం లోటు రాదు. దానికి అవే దారపుకండెలు.

అన్నట్టు, ఈ రోజుల్లో మగ తేనెపిట్ట కారు అద్దాన్నో కిటికీ అద్దాన్నో పనిగట్టుకుని పొడుస్తుంటుంది. తన నీడను చూసి మరో మగపిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుంటుందది. అద్దం మీద పాతగుడ్డ కప్పితే గొడవ సద్దుమణుగుతుంది.

కుట్టుపనిలో దర్జీపిట్టను మించింది లేదు. వెడల్పాటి ఆకును, చాలకపోతే రెండుమూడింటిని దగ్గరకు లాగి, అంచుల్లో ముక్కుతో సన్నటి రంధ్రాలు పొడిచి, దూదిపోగునో సాలెదారాన్నో వాటిలోంచి దూరుస్తుంది. మన కుట్టులా ఒకటే దారం పొడవునా సాగదు. దేనికది విడి కుట్టు. పోగు చివర విచ్చుకుని రివెట్‌లా బిగుస్తుంది. రంధ్రాలు ఎంత చిన్నవంటే ఆకు వాడనే వాడదు, పచ్చగానే ఉంటుంది. ఈ దొన్నెలో దూది పరిచి గుడ్లు పెడుతుంది. అరచేతిలో పట్టేంత పిట్ట, అరుపు మాత్రం వీధంతా వినిపిస్తుంది. ఆ అరుపును బట్టి వెతకాల్సిందే తప్ప గూడు కంటికి ఆనదు.

పురుగే పాలు

పిట్టల కోసం చాలామంది గింజలు చల్లుతారు. మంచిదే. కానీ పెద్దపిట్టలు ఏం తిన్నా, పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగుల్నే. పండ్లంటే పడిచచ్చే పిగిలిపిట్టా, తేనె తాగే తేనెపిట్టా, గింజలు ఏరుకునే పిచ్చుకా... పిల్లలు పుట్టాయంటే అన్నీ గొంగళిపురుగులు, సాలీళ్లు, చిన్నచిన్న కీటకాల వేటలో పడతాయి. ఒంట్లో కండ, ఒంటిమీద ఈక రావాలంటే మాంసకృత్తులు కావాలిగా. పావురాలూ గువ్వలూ మాత్రం వేరు. వాటి గొంతు సంచిలోనే పాలలాంటి పదార్థం తయారవుతుంది. అందుకే పురుగు దొరక్కపోయినా వాటికంత ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు నిమ్మమొక్క సంగతి చూద్దాం. ఆకుమీద పిట్టరెట్టలా నల్లగా తెల్లగా ఓ పురుగు కనిపిస్తుంది. అది సీతాకోకచిలుక పిల్ల. పిట్టల కంట పడకుండా ఆ వేషం వేసింది. అయినా కొన్ని దొరికిపోతాయి. మనం ఆకులు పాడవుతున్నాయని మందు కొట్టామనుకోండి, ఆ పురుగూ పోతుంది, దాన్ని వెతుక్కుంటూ వచ్చే పిట్ట పిల్లలకు మేతా పోతుంది. చచ్చీచావని పురుగును తెచ్చి పిల్ల నోట్లో పెడితే ఇంకా ప్రమాదం. గూడున్న నెల రోజులైనా మందు డబ్బాను అటకెక్కించడం మేలు. నాలుగు ఆకులు చిల్లులు పడితే పడనివ్వండి.

పిచ్చుకలు మాయమైపోతున్నాయన్న దిగులు చాలామందిలో ఉంది. 2020లో వచ్చిన ‘స్టేట్‌ ఆఫ్‌ ఇండియాస్‌ బర్డ్స్‌’ నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద వాటి సంఖ్య పాతికేళ్లకు పైగా దాదాపు నిలకడగానే ఉంది. మహానగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతోంది. అలాంటి ఆరు నగరాల్లో హైదరాబాద్‌ ఒకటి. కారణం ఇదీ అని ఒక్కదాన్ని చూపించడం కష్టమేగానీ, గూటికి సందు లేని గోడలు, పిల్లలకు పురుగు లేని పెరళ్లు వాటికి అనుకూలం కాదని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

గింజలు వేయాలనుకుంటే నూకలు, సజ్జలు, కొర్రలు కొద్దికొద్దిగా వేయండి. మన పల్లెల్లో చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడదీయడం ఎంత తెలివైన పనో! వేలాడే కంకిని పట్టుకుని పిచ్చుక తినగలదు. బరువైన పావురానికి అంత సులువు కాదు. అదే గింజల్ని మేడమీద గుప్పించామంటే వచ్చి వాలేది పావురాల దండే. వాటి రెట్టల వల్ల కొందరికి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఉప్పూ నూనే ఉన్న మిగులు పులిహోర, బ్రెడ్డు ముక్కలు పిట్టలకు మేత కాదు. అన్నిటికన్నా మేలు నీళ్లు. లోతులేని మట్టిమూకుడులో రెండంగుళాల నీళ్లు పోసి నీడన పెట్టండి. పక్కనే పిల్లి నక్కే పొద లేకుండా చూసుకోండి. రోజూ పారబోసి కొత్తవి పోయకపోతే దోమలకు ఇల్లు కట్టించినట్టే.

పిల్ల కింద పడిందా?

12 రోజులకల్లా పిగిలిపిట్ట పిల్లలు గూడు వదిలేస్తాయి. చిక్కేమిటంటే, అప్పటికి వాటికి సరిగ్గా ఎగరడం రాదు. తోక పొట్టిగా, బిక్కుబిక్కుమంటూ నేలమీద గెంతుతుంటాయి. చూసినవాళ్లు ‘అయ్యో, తల్లి వదిలేసింది’ అని ఇంట్లోకి తెచ్చి అట్టపెట్టెలో పెడతారు. పాలన్నం పెడతారు. ఇంకుఫిల్లరుతో నీళ్లు పోస్తారు. నిజానికి తల్లి వదిలేయలేదు, పక్క కొమ్మమీదే పురుగు పట్టుకుని ఎదురుచూస్తోంది, మనమెప్పుడు వెళ్తామా అని! ఒంటినిండా ఈకలున్న పిల్లయితే తీసి దగ్గర్లోని పొదమీద పెట్టి దూరంగా వచ్చేయండి. ఈకలు రాని పసిదైతే, గూడు అందితే మళ్లీ గూట్లోనే పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్నది ఉత్త అపోహ. అంత కష్టపడి పెంచిన పిల్లని ఆ కాస్త స్పర్శకే ఏ తల్లీ వదులుకోదు. ముక్కులో నీళ్లు మాత్రం పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోయి చచ్చిపోతాయి. కుక్కనీ పిల్లినీ ఓ రెండురోజులు కట్టేస్తే అంతకు మించిన సాయం లేదు.

ఊరికే చూస్తూ కూర్చుంటే ఏమొస్తుందనేవాళ్లకు సలీం అలీ జవాబు. 1930లో ఉద్యోగం లేక ముంబయి దగ్గర సముద్రతీరంలోని కిహీంలో ఉన్నప్పుడు, అక్కడి గిజిగాడి గూళ్లను ఆయన రోజుల తరబడి గమనించారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుందనీ, ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే కాపురం మొదలవుతుందనీ, ఆమె గుడ్లు పెట్టగానే మగది ఇంకో గూడు, ఇంకో ఇల్లాలి కోసం బయల్దేరుతుందనీ అలా బయటపడిందే. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం అండతో హైదరాబాద్‌ సంస్థానంలో పక్షుల సర్వే చేశారాయన.

అంత ఓపిక లేకపోతే పావుగంట చాలు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ‘గ్రేట్‌ బ్యాక్‌యార్డ్‌ బర్డ్‌ కౌంట్‌’లో 2013 నుంచి మనవాళ్లూ పాల్గొంటున్నారు. కనీసం 15 నిమిషాలు పెరట్లోనో మేడమీదో నిలబడి, కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి పంపడమే పని. కాకులూ గోరింకలూ కూడా లెక్కలోకి వస్తాయి.

పిల్లలు ఎగిరిపోయాక పిగిలిపిట్ట మామూలుగా ఆ గూటిని మళ్లీ వాడదు. అదే వేసవిలో రెండో కాపురం పెట్టినా, వేరే చోట కొత్తగా కట్టుకుంటుంది. రెండుమూడు రోజులు చూసి, రాకపోకలేవీ లేవని తేలాక, ఇన్నాళ్లూ దారికి అడ్డమొచ్చిన ఆ మందార కొమ్మను నిక్షేపంగా కత్తిరించుకోవచ్చు.