షట్టర్ దించినా బుర్రలో లెక్కలు ఆగట్లేదా..? చిరు వ్యాపారులూ.. ఈ మూడు సంకేతాలు గమనించండి!

తెల్లవారుజామున పాల ప్యాకెట్లు దించుకోవడంతో మొదలైతే.. రాత్రి గల్లా లెక్క తేలేదాకా పరుగే. కిరాణా కొట్టయినా, టిఫిన్ సెంటరయినా, టైలరింగ్ షాపయినా యజమాని రోజు ఇలాగే గడుస్తుంది. కాబట్టి అలసట మామూలే. కానీ పడుకుని లేచినా తీరని అలసట వేరు. అదే బర్న్ అవుట్‌కు తొలి గుర్తు. ఉద్యోగికైతే పని దెబ్బతింటోందని చెప్పడానికి పైన ఒకరుంటారు, సెలవు పెట్టే వీలుంటుంది. సొంత వ్యాపారంలో ఆ రెండూ ఉండవు. అందుకే ఇక్కడ సమస్య ముదిరాక గానీ బయటపడదు.

అసలేంటీ బర్న్ అవుట్?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, పనితో ముడిపడిన పరిస్థితిగా గుర్తించింది. ఎక్కువ కాలం అదుపు లేకుండా సాగిన పని ఒత్తిడే దీనికి కారణమని, ఇది మూడు రకాలుగా కనిపిస్తుందని చెప్పింది. షాపులో అవి ఇలా ఉంటాయి.

1. శక్తి అయిపోవడం: పొద్దున్నే షట్టర్ ఎత్తడానికే ఒళ్లు సహకరించదు. సెలవు రోజు పడుకున్నా తేడా ఉండదు.

2. పనిపై విరక్తి: పదేళ్లుగా వస్తున్న కస్టమర్‌ను చూసినా విసుగే. చిన్న బేరానికే గొంతు పెరుగుతుంది.

3. పనితనం తగ్గడం: చిల్లర లెక్క తప్పుతుంది, ఆర్డర్ మర్చిపోతారు, ఖాతా పుస్తకం రాయడం రేపటికి వాయిదా పడుతూనే ఉంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడే..

పొరపాట్లతో గిరాకీ తగ్గితే చాలామంది చేసేది ఒకటే.. ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చోవడం. దాంతో అలసట, పొరపాట్లు రెండూ పెరుగుతాయి. ఒంటికీ ముప్పే. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. రోజుకు 12 గంటల చొప్పున ఆరు రోజులు షాపులో ఉంటే 72 గంటలు!

ఏం చేయాలి?

* డల్ టైమ్ పట్టుకోండి: యూపీఐ హిస్టరీలో ప్రతి పేమెంట్ టైమ్ ఉంటుంది. రెండు వారాలవి చూస్తే, నగదు అమ్మకాలు కూడా రాసుకుంటే గిరాకీ లేని వేళలు తెలిసిపోతాయి. ముందుగా ఆ గంటలకే షట్టర్ దించండి.

* ఒక్క పని అప్పగించండి: మీరు లేకపోతే ఆగిపోయే పనులన్నీ కాగితంపై పెట్టండి. రేట్ల పట్టిక, సప్లయర్ల నంబర్లు రాసి ఉంచితే కొన్ని పనులు ఇంట్లోవాళ్లో, కుర్రాడో చూసుకోగలరు. నెలకు ఒకటి వదులుకున్నా చాలు.

* ఉద్దెరకు హద్దు పెట్టండి: నిద్ర చెడగొట్టేది చాలాసార్లు రావాల్సిన బాకీలే. ఒక్కొక్కరికీ ఇంతవరకే అని ముందే చెప్పేయండి.

* రిటర్నుల భారం తగ్గించుకోండి: టర్నోవర్ రూ.5 కోట్ల వరకు ఉంటే జీఎస్టీ రిటర్నులు మూడు నెలలకోసారి వేసే వీలుంది. పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. మీకు కుదురుతుందో లేదో అకౌంటెంట్‌ను అడగండి.

అప్పుల ఒత్తిడే కారణమైతే విశ్రాంతితో అది తీరదు. వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడటం, ఇంట్లో దాచకుండా చెప్పడం మేలు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

థైరాయిడ్, షుగర్, రక్తహీనత వల్లా ఇలాంటి నీరసమే ఉంటుంది. అందుకే ముందు రక్త పరీక్షలు చేయించుకోవాలి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్‌ను కలవాలి. బతకాలని లేదనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.