కాగిన నూనె నుంచి పుట్టిన రబ్బరు

వాయి మీద వాయి బజ్జీలు దించాక మూకుట్లో మిగిలే నల్లటి నూనె తినడానికి పనికిరాదు. వేడికీ, తేమకూ, గాలికీ అందులోని కొవ్వు అణువులు కొన్ని విరిగిపోతాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుంటాయి. అయినా వాటిలోని ద్విబంధాలు, అంటే కర్బన పరమాణువుల మధ్య ఉండే జంట బంధాలు, చాలావరకు మిగిలే ఉంటాయి. గంధకం వచ్చి పట్టుకునేది సరిగ్గా వాటినే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో, ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ చాకర్ బృందం తయారుచేసిన కొత్త రబ్బరుకు ఇదే ఆధారం.

గంధకానికీ రబ్బరుకూ పాత చుట్టరికమే. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకు జిగురు కాకుండా, చలికి పెళుసుబారకుండా నిలుస్తుందని కనుక్కున్నాడు. అందులో గంధకం పాలు కొద్దిగానే ఉంటుంది; పొడవాటి రబ్బరు గొలుసుల మధ్య అడ్డకట్లు వేయడమే దాని పని. 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ప్యున్ బృందం ఈ లెక్కను తిరగేసింది. గంధకమే గొలుసు, సేంద్రియ పదార్థం దానికి కట్టు. దీన్నే విలోమ వల్కనీకరణ అంటున్నారు. చాకర్ బృందం ఆ కట్టు కోసం మొదట నారింజ తొక్కల్లో దొరికే లిమోనీన్‌ను వాడింది, 2017 నాటికి వంటనూనె దగ్గరికి వచ్చింది. వాడేసిన నూనె కూడా తాజా నూనెలాగే పనిచేస్తుందని చూపించింది.

తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. గంధకంలో ఎనిమిదేసి పరమాణువులు వలయాలుగా ఉంటాయి. దాన్ని కరిగించి 159 డిగ్రీలు దాటిస్తే ఆ వలయాలు తెగి గొలుసులవుతాయి. 180 డిగ్రీల దగ్గర అంతే బరువు నూనె పోస్తారు. మొదట రెండూ కలవవు, విడివిడి పొరలుగా ఉంటాయి. ఆపకుండా కలుపుతూ, అందులోనే మెత్తటి ఉప్పు పొడి వేస్తారు. కాసేపటికి అంతా గోధుమరంగు ముద్దగా బిగుసుకుంటుంది. దాన్ని ముక్కలు చేసి నీళ్లలో కడిగితే ఉప్పు కరిగిపోయి, అది ఉన్నచోటల్లా రంధ్రాలు మిగులుతాయి. స్పాంజిలాంటి రబ్బరు చేతికొస్తుంది. ఖరీదైన ద్రావకాలు అక్కర్లేదు. పెట్రోలు, డీజిలు శుద్ధిచేసేటప్పుడు బయటపడే గంధకం ప్రపంచమంతటా గుట్టలుగా ఉంది. మన విశాఖ రిఫైనరీలోనూ అది ఉప ఉత్పత్తే.

ఈ రబ్బరు గొప్పతనం పాదరసం దగ్గర తెలుస్తుంది. గంధకం, పాదరసం కలిస్తే విడవవు; ప్రకృతిలో దొరికే ఇంగిలీకం ఆ రెండింటి సమ్మేళనమే. నీటిలోనూ, మట్టిలోనూ ఉన్న పాదరసాన్ని ఈ రబ్బరు పట్టేసుకుని నల్లబడుతుంది. మనుషుల వల్ల గాలిలోకి చేరే పాదరసంలో అన్నిటికన్నా పెద్ద వాటా చిన్నతరహా బంగారు గనులదే. అక్కడ పనిచేసే పేదలకు ఇలాంటి చౌకైన జల్లెడ ఎంత అవసరమో వేరే చెప్పాలా? సముద్రంలో ఒలికిన ముడిచమురునూ ఇది పీల్చుకుంటుంది. పిండి చమురు తీసేసి మళ్లీ వాడొచ్చు.

దీంతో టైరు మాత్రం చేయలేం, అంత బలం దీనికి లేదు. టైర్లలోకి నూనె వేరే దారిలో వస్తోంది. రబ్బరును మెత్తబరచడానికి కలిపే కొన్ని పెట్రోలియం నూనెల్లో క్యాన్సర్ కారకాలున్నాయని యూరప్ 2010 నుంచి వాటిపై కట్టడి పెట్టింది. 2017లో గుడ్‌ఇయర్ కంపెనీ సోయా నూనె కలిపిన టైరును అమ్మకానికి తెచ్చింది. కాంటినెంటల్ కంపెనీ వాడేసిన వంటనూనెను ముడిసరుకుగా తీసుకున్న కృత్రిమ రబ్బరును టైర్లలో వాడుతోంది.

మన దేశంలో 2018 జులై 1 నుంచి వంటనూనెలో, అది కాగేకొద్దీ పెరిగే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే దాన్ని మళ్లీ వంటకు వాడకూడదు. ఆ నూనెను సేకరించే ఏర్పాటు ప్రధానంగా బయోడీజిల్ కోసమే సాగుతోంది. అందులో కొంతైనా రబ్బరు పరిశోధనకు మళ్లించాలి. హోటళ్లు నడిపేవారు, బండ్లు పెట్టుకున్నవారు ఆ నూనెను తూముల్లో పారబోయకండి. మళ్లీ వంటనూనెగా అమ్ముకునేవాళ్ల చేతిలో అసలే పెట్టకండి. సేకరణకు అనుమతి ఉన్నవారికే ఇవ్వండి.