కుర్చీ గీసే ముందు కొలవండి!

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. సురంగల్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లూ తక్కువేం కాదు. వరండాలో వేసుకోవడానికి చేతులున్న చెక్క కుర్చీ కావాలనేవాళ్లుంటారు, చేసిపెట్టే వడ్రంగులూ ఉంటారు. తరచూ కరవయ్యేదల్లా గంటసేపు కూర్చున్నా నడుం పట్టెయ్యకుండా దాన్ని ముందే ఆలోచించి గీసే మనిషి. ఆ పనే ఫర్నిచర్ డిజైన్. డిగ్రీ చివరికొచ్చి ‘ఇంకేం చేయొచ్చు’ అని వెతుకుతున్నారా? ఇటూ ఓసారి చూడండి.

మొదలుపెట్టాల్సింది సాఫ్ట్‌వేర్‌తో కాదు, టేపుతో. ఇంట్లో, హాస్టల్లో ఓ పదిమందిని కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. ఆడవాళ్లనీ, పెద్దవయసువాళ్లనీ వదలొద్దు. విదేశీ డ్రాయింగుల్లో సీటు ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండటం మామూలే. దాన్ని అలాగే దించేస్తే మన ఇళ్లలో చాలామంది అమ్మలకు పాదాలు నేలకు ఆనవు. 40 దగ్గర మొదలుపెట్టి, మీ కొలతలను బట్టి సర్దుకోండి. భారతీయుల శరీర కొలతలపై దేబ్‌కుమార్ చక్రవర్తి పుస్తకాన్ని ఎన్ఐడీ 1997లో ప్రచురించింది. లైబ్రరీలో దొరికితే తప్పక తిరగేయండి.

సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య మూడు వేళ్లు పట్టాలి. లోతు ఎక్కువైతే మనిషి ముందుకు జారి కూర్చుంటాడు, ఇక వీపు ఆనదు. ఆనుకునే భాగం సీటుతో 100-110 డిగ్రీల కోణంలో ఉంటే మేలు. కుర్చీ చేతులు సీటుకు 20-23 సెంటీమీటర్ల పైన ఉండాలి. అంతకు మించితే భుజాలు పైకి లేస్తాయి. పెద్దవాళ్లు లేచేది ఆ చేతుల మీద బరువేసే కాబట్టి అవి ముందుదాకా రావాలి. మన పడక్కుర్చీ హాయిగానే ఉంటుంది గానీ, అందులోంచి తాతయ్య లేవడం ఎప్పుడైనా గమనించారా!

కాగితం మీద కుదిరింది ఒంటికి కుదరకపోవచ్చు. అందుకే మంచి చెక్క కోసేముందు పాత ప్లైవుడ్ ముక్కలతో పూర్తి సైజు నమూనా కట్టి, అరగంట కూర్చుని చూడండి. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో ‘గోల్కొండ్’ అనే వసతి భవనం ఉంది. హైదరాబాద్ సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం విరాళమివ్వడంతో దానికి ఆ పేరొచ్చింది. అక్కడ కూడా ముందు ఒక గదిని పూర్తి సైజులో కట్టి చూశాకే భవనం మొదలెట్టారు. 1930ల చివర్లో ఆ పని చూసుకుని, లోపలి టేకు ఫర్నిచర్ గీసిన జార్జ్ నకాషిమా చదివింది ఆర్కిటెక్చర్. తర్వాత అమెరికాలో చెక్క పనికే ఆయన పెద్ద పేరయ్యారు. 1964లో అహ్మదాబాద్ ఎన్ఐడీకి వచ్చి ఫర్నిచర్ రూపొందించారు.

నమూనా కుదిరాక వడ్లాయన చేతికి డ్రాయింగ్ ఇచ్చి వచ్చేయకండి. పక్కనే నిలబడండి. వెనక కాలూ పక్క పట్టీ కలిసే చోట కుసి, బెజ్జం మీదే ఎక్కువ భారం పడుతుంది. కుర్చీని వెనక్కి ఊపకుండా కూర్చునేవాళ్లు మనలో ఎంతమంది? వంపు తిరిగిన చేతిని తిన్నని పలకలోంచి కోస్తే, పీచు అడ్డం పడిన చోట విరుగుతుంది. పచ్చి చెక్క వాడితే అది ఆరేకొద్దీ అతుకు వదులవుతుంది. ‘ఎందుకన్నా ఇక్కడ ఇంత మందం?’ అని అడగండి. కాలేజీలో చెప్పనివి చాలా తెలుస్తాయి.

ఇక చదువు సంగతి. ఇంటర్ తర్వాత బీడిజైన్‌కు ఎన్ఐడీ ‘డాట్’, యూసీడ్ పరీక్షలున్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో సీటుకు యూసీడ్ రాయాలి. డిగ్రీ, బీటెక్ వాళ్లకు ఎండిజైన్ ఉంది. దానికి డాట్ గానీ, సీడ్ గానీ రాయాలి. ఫర్నిచర్ డిజైన్‌ను ప్రత్యేకంగా చదవాలంటే అహ్మదాబాద్ ఎన్ఐడీ. చేతిపనే ముఖ్యమనుకుంటే ఐటీఐలో ఏడాది కార్పెంటర్ ట్రేడ్ చాలు.

పోర్ట్‌ఫోలియోలో నిగనిగలాడే ఆఖరి ఫొటో ఒక్కటే పెట్టకండి. పదిమంది కొలతల కాగితం, కుదరక పక్కన పెట్టిన ప్లైవుడ్ నమూనా, మేస్త్రీ దిద్దిన డ్రాయింగ్... అన్నీ వరుసగా పెట్టండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు వచ్చేది వాటి మీదే. డాట్ రెండో దశలో స్టూడియో టెస్ట్ కూడా ఉంటుంది. అక్కడ చేత్తో చేసి చూపించాలి.